ముందుగా చెప్పిన సాక్ష్యం

మొన్న హనుమకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి అత్తరు పూసుకున్నాడు. ఎవరి పెళ్ళికో పోతున్నట్టున్నాడు పాపం, ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, ఒళ్ళో మిఠాయి డబ్బా. ఆయన తప్పేమీ లేదు. ములుగు రోడ్డు దాటకముందే ఆటో ఆపించి దిగిపోయాను. "ఏమైందమ్మా, వరంగల్ స్టేషన్ అన్నరు గద" అన్నాడు డ్రైవరు. "తల తిరుగుతాంది బిడ్డా" అని చెప్పి ఒక చెప్పుల దుకాణం ముందు ఎండలో నిలబడ్డాను.

అందరికీ అత్తరంటే పండుగ, పెళ్ళి గుర్తొస్తాయేమో. నాకు దాని కింద దాచిపెట్టిన ఇంకో వాసన వస్తుంది. దానితోపాటే మా అక్క వస్తుంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. డెబ్బైల చివర్లో వరంగల్ శివనగర్‌లో మేమున్న గల్లీలోనే ఒక గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టే మనిషి. భర్త రైల్వేలో కళాసీగా చేసి, పెళ్ళైన కొన్నాళ్ళకే పోయాడట. పిల్లలు లేరు. నేను మున్సిపల్ బడిలో టీచర్ని. మాది ఒక ఊరు కాదు, ఒక ఈడు కాదు, చుట్టరికం అసలే లేదు. ఆదివారం ఒకే చర్చికి, మా మాటలో గుడికి, పోయేవాళ్ళం, అంతే. ఆ 'అంతే'లో ఎంత ఉందో నాకు ఆమె పోయాక గానీ తెలియలేదు.

రోజూ వేకువన నల్లా రాకముందే ఆమె గదిలో ఇద్దరం మోకాళ్ళూని ప్రార్థన చేసుకునేవాళ్ళం. నాది బడి ప్రార్థన. మొదలు, నడుమ, చివర అన్నీ పద్ధతిగా ఉండేవి. ఆమెది పంచాయితీ. చేతులు రెండూ కప్పుకు తగిలేటట్టు ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, "తండ్రీ, నిన్న చెప్పిన ముచ్చట నువ్వు ఇనలే. ఇనలేదో, ఇని ఊకున్నవో నాకైతే తెల్వది. ఇయ్యాల మల్ల చెప్తాన, జర మనసు పెట్టు" అని మొదలుపెట్టేది. అలా సాగుతుండగా వీధి చివర నల్లా గురగురమనేది. "నల్లా వచ్చింది తండ్రీ, మిగిలింది పొద్దుమీకి" అంటూనే లేచేది. ఆమేన్ అనే సరికి చేతిలో బిందె ఉండేది. నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటే, "నవ్వకే టీచరమ్మా. నీళ్ళిచ్చేది గూడ ఆయనే గద" అని గడప దాటేది. మా ఆయన, "మీరిద్దరు కలిసి దేవుని చెవులు పోగొట్టేటట్టున్నరు" అని మమ్మల్ని ఆట పట్టించేవాడు.

అందులో ఇంకో తమాషా ఉంది. ఆమె ఎవరి జాకెట్ కుడితే కుట్టినంతసేపూ వాళ్ళ కోసం ప్రార్థన చేసేది. నోట్లో పిన్నులు, కాలు మిషన్ మీద, పెదవులు కదులుతూ ఉండేవి. "ఎవల కోసమక్కా?" అంటే పిన్నుల సందులోంచి, "స్టేషన్ మాస్టర్ భార్య కోసం. ఆమెకు తెల్వది, తెలిస్తే కుట్టుకూలి తగ్గియ్యమంటది" అనేది.

నగా నట్రా, పూలు, పౌడరు అంటే ఆమెకు ఒళ్ళు మంట. నేను ఆదివారం మల్లెపూలు పెట్టుకొచ్చానంటే అయిపోయిందే. "ఏంది, గుడికొచ్చినవా, సినిమాకు పోతానవా?" అని పదిమందిలో అడిగేది. నాకు చచ్చేంత కోపం వచ్చేది. మరునాడు వేకువన మళ్ళీ నేనే ఆమె తలుపు తట్టేదాన్ని.

ఎందుకు తట్టేదాన్నో చెప్తాను. నాకు మొదటిసారి కడుపు నిలవక పోయినప్పుడు మా వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేశారు. దేవుని చిత్తం అన్నారు, ఓర్పు అన్నారు. నాకు అందరినీ బయటికి నెట్టాలనిపించింది. సాయంత్రం అక్క వచ్చింది. జొన్న గటుక, మజ్జిగ తెచ్చింది. ఏమీ మాట్లాడకుండా తినిపించింది. నేనే ఉండబట్టలేక, "నువ్వు గూడ ప్రార్థన చెయ్యక్కా" అన్నాను.

"చెయ్య."

"ఎందుకు?"

"ఆయనతోని ఇప్పుడు నాకు మాటల్లేవు" అంది, నా మూతి తుడుస్తూ. "నువ్వు లేచి తిరిగినంక మాట్లాడుత. అప్పటిదాంక ఆయన గూడ జర ఫికర్ పడనీ."

నిజంగానే మాట్లాడలేదు. నేను బడికి పోవడం మొదలుపెట్టాకే మళ్ళీ చేతులెత్తింది. దేవునితో నా కోసం అలిగిన మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు. అలగాలంటే ఎంత చనువుండాలి!

మా గల్లీ మొదట్లో ఒక కిరాణ దుకాణం ఉండేది. ఆ శావుకారు భార్య మా అక్క గడప తొక్కేది కాదు. జాకెట్ గుడ్డ ఇవ్వడానికి వస్తే వాకిట్లో నిలబడి, చెయ్యి తగలకుండా పైనుంచి వదిలేది. ఎందుకో చెప్పక్కరలేదు, మా అక్కది ఏ వాడో ఆమెకు తెలుసు. "ఓ టేలరమ్మా" అని పిలిచేది. అక్క ఆమె జాకెట్ కుడుతూ కూడా పెదవులు కదిపేది. నాకు అది చూస్తే ఒళ్ళు మండేది.

ఆ శావుకారు ఇంట్లో ఒక ఆడపిల్ల. మూర్ఛ జబ్బు. ఒక మిట్టమధ్యాహ్నం ఆ పిల్ల గల్లీలో ఆడుతూ పడిపోయింది. తల్లి లోపల ఉంది. కుడుతున్న గుడ్డ వదిలేసి అక్క పరిగెత్తి పిల్లను పక్కకు తిప్పి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఒక చేత్తో నోరు తుడుస్తూ, ఇంకో చెయ్యి పైకెత్తి ప్రార్థన అందుకుంది. తల్లి వచ్చేసరికి పిల్ల కళ్ళు తెరిచింది. వచ్చిన మూర్ఛ కొంతసేపటికి తనంత తానే పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకు తెలుసు. ఆ తల్లికి మాత్రం అక్క చెయ్యెత్తాకే పిల్ల లేచినట్టు కనిపించింది.

ఆ రోజు నుంచి ఆమె వాకిలి దాటి గడప మీదికి వచ్చింది. కొన్నాళ్ళకు గడప దాటి మిషన్ పక్కన కూర్చుంది. 'టేలరమ్మ' పోయి 'అక్క' అయింది. అక్క ఆమెను 'దుకాణం చెల్లె' అనేది. పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన ప్రతిసారీ, "మాత్రలు ఆపకు చెల్లే. డాక్టర్ చెప్పింది నువ్వు చెయ్, ప్రార్థన నేను చేస్త" అని గట్టిగా చెప్పేది. నేను చెవులారా విన్న మాట అది.

ఆ ఎండాకాలం ఊళ్ళో సువార్త సభలు జరిగాయి. ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు వచ్చాడు. గొంతు బాగుంది. దేవుని మేలు కళ్ళతో చూశాక కృతజ్ఞత చెప్పడం ఎవరైనా చేస్తారు, చూడకముందే చెప్పడమే విశ్వాసం అని చెప్పాడు. జనం ఏడుస్తూ చేతులెత్తారు. అక్క కూడా ఎత్తింది. ఎత్తి ముందుకు పోయి మోకరించింది. దేని కోసమో అప్పుడు నాకు తెలియదు.

మాలో ఒక ఆనవాయితీ ఉంది. జబ్బు నయమైనా, ఉద్యోగం దొరికినా, ఇల్లు కట్టినా ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాస్టరు అయ్యగారిని, సంఘాన్ని, ఇరుగుపొరుగును పిలిచి, కీర్తనలు పాడి, దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్తాం. తర్వాత భోజనాలు. సభలు అయిన వెంటనే అక్క తన ఇంటి ముందు కూడిక పెట్టింది. బగారన్నం, మాంసం కూర. దుకాణం చెల్లె మాంసం ముట్టదని కొత్త గిన్నె కొని దాంట్లో పులిహోర వేరుగా చేసింది. దేనికి కూడిక అంటే, "అప్పుడు చెప్త గద" అని నన్నూ తిప్పి పంపింది.

పాటలయ్యాక లేచి నిలబడింది. "నా ఒంట్ల ఒక గడ్డ లేసింది. ఆడదాన్ని, ఎవలకు చెప్తను? సభలల్ల ప్రార్థన చేసిన్రు. ప్రభువు తీసేసిండు. నేను బాగున్న. ఆయనకు స్తోత్రం" అంది. అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు. రోజూ వేకువన భుజాలు తగిలేటట్టు కూర్చుని ప్రార్థన చేస్తున్నామే, నాకు కూడా చెప్పలేదా అనుకున్నాను.

అప్పుడు దుకాణం చెల్లె లేచింది. చేతులు జోడించి, "అక్కకు చేసిన దేవుడు నా బిడ్డకు చెయ్యడా?" అని ఏడ్చింది. ఆ తర్వాత కూర్చుని, అక్క ఇంట్లో, అక్క చేత్తో వడ్డించిన పులిహోర తిన్నది. అక్క ఆమెనే చూస్తూ నిలబడింది. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

గిన్నెలు కడుగుతూ అడిగాను. "నిజంగ పోయిందా అక్కా?"

"పోతాంది."

"అందరి ముందట పోయింది అంటివి?"

"ముందే స్తోత్రం చెప్పాలన్నరు గదనే. చెప్పిన. నొప్పి లేదిప్పుడు. చూడు" అని రెండు చేతులూ పైకెత్తి చూపించింది. బూడిద చేతులు, మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతోంది.

ఆ ఆదివారం నుంచి దుకాణం చెల్లె గుడికి రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఏం చెప్పి వచ్చేదో, పిల్లను చంకనేసుకుని వెనక వరసలో కూర్చునేది. అక్క తలతిప్పి ఆమె వచ్చిందో లేదో చూసుకున్నాకే పాటల పుస్తకం తెరిచేది.

వానాకాలం వచ్చింది. అక్క ప్రార్థనలో ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తడం మొదలుపెట్టింది. "కుడి చెయ్యి మిషన్ తొక్కి తొక్కి గుంజుతాంది" అంది. మిషన్ తొక్కేది కాలుతో కదా అని నాకు అనుమానం వచ్చి అడిగితే, "నువ్వు పిల్లలకు లెక్కలు చెప్పు, నాకు చెప్పకు" అని కసిరింది. తను తొడుక్కునే జాకెట్లు వదులుగా కుట్టుకుంది. కుట్టుపని తగ్గించింది. ప్రార్థనలో గొడవపడటం మానేసింది. "నీ చిత్తం తండ్రీ, నీ చిత్తం" అని నాలాగా పద్ధతిగా ప్రార్థన చేస్తుంటే నాకు అదోలా ఉండేది.

ఆ తర్వాత అత్తరు వచ్చింది. ఒక ఆదివారం ఆమె వచ్చి కూర్చోగానే ఆ వరసంతా గుప్పుమంది. ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. మల్లెపూలకే నన్ను కడిగేసిన మనిషి! నేను వదులుతానా? "ఏందక్కా, ఎవలన్న సంబంధం చూస్తాన్రా?" అన్నాను. నవ్వింది. గుడి అరుగు మీద అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

ఒక వేకువన ప్రార్థన అయ్యాక ఆమె మోకాళ్ళ మీద నుంచి లేవలేకపోయింది. చంకలో చెయ్యి వేసి లేపబోయాను. ఆమె అరిచింది. మనిషి అలా అరవగా నేను వినలేదు. చెయ్యి తీసుకుంటే నా వేళ్ళు తడిగా ఉన్నాయి.

తలుపు గడియ పెట్టి రమ్మంది. మిషన్ ముందున్న స్టూల్ మీద కూర్చుని జాకెట్ విప్పింది. నేను చూసింది రాయను. గల్లీలోని ఆడవాళ్ళందరి జాకెట్ల కత్తిరింపు ముక్కలు, ఎర్రవి, పచ్చవి, పూలవి, ఉతికి మడతలు పెట్టి, ఆ పుండు మీద కట్టుకుంది. పక్కన అత్తరు సీసా.

"ఎప్పటిసంది?" అన్నాను.

"కూడికైన నెలకే మల్ల తెలిసింది."

"దవాఖానకు పోదాం. ఇప్పుడే పోదాం, లే."

"పోను."

"అక్కా, పిచ్చి లేసిందా నీకు?"

"పోతే ఏమైతది చెప్పు. పొద్దుమీకి గల్లంత తెలుస్తది. దుకాణం చెల్లెకు తెలుస్తది. దేవుడు తీసేసిండని నేను లేచి చెప్పిన. ఆమె నమ్మింది. నా ఇంట్ల కూసొని తిన్నది. ఇప్పుడు నేను గడ్డ పట్టుకొని దవాఖానల కూసుంటే, ఆమె ఏమనుకుంటది? నేను అబద్ధమన్న ఆడాలె, దేవుడన్న ఆడాలె. నన్ను అనుకుంటే ఫర్వాలేదే. ఆయన్ని అనుకుంటే?"

"ఆ పిల్లకైతే మాత్రలు ఆపకు, ఆపకు అని చెప్తవు. నీకు మందు వద్దా?"

"ఆ పిల్ల సాక్ష్యం చెప్పలే. నేను చెప్పిన."

నేను ఏడ్చాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. ఆమె జాకెట్ హుక్కులు పెట్టుకుంటూ, "ముందు చెప్పినదానికి వెనక అయినా చేస్తడు. చెయ్యాలె గద. నా మాట పోతే పోయింది, ఆయన మాట పోతదా?" అంటూ ఉండిపోయింది. ఆమె కళ్ళలో విశ్వాసం లేదు. భయం ఉంది. ఆయన చెయ్యకపోతే ఎలా అన్న భయం. అది చూశాక నాకు ఆ ప్రసంగీకుడు కనిపిస్తే గొంతు పిసకాలనిపించింది.

అయ్యగారికి చెప్పాను. మంచి మనిషి, వెంటనే వచ్చాడు. "దవాఖాన గూడ దేవుడిచ్చిందేనమ్మా" అని నచ్చజెప్పాడు. అక్క ఆయనకు టీ కాచి ఇచ్చింది. "సరే అయ్యగారు" అంది. పోలేదు.

ఒకరోజు బడికి సెలవు పెట్టి రిక్షా తీసుకొచ్చి వాకిట్లో పెట్టించాను. ఆమెను రెక్క పట్టుకుని ఎత్తి కూర్చోబెట్టినంత పనిచేశాను. ఎక్కింది. గల్లీ మొదట్లో దుకాణం ముందుకు వచ్చేసరికి పిల్లకు జడ వేస్తూ దుకాణం చెల్లె కూర్చుని ఉంది. "ఎటు అక్కా, ఇద్దరు తయారైన్రు?" అంది.

"మార్కెట్‌కు చెల్లే" అంది అక్క. ముఖం నిండా నవ్వు. "వంకాయలు తెద్దామని. నీకేమన్న తేవాల్నా?"

"ఏమొద్దక్కా. పైలంగ పోయిరాండ్రి" అంది ఆమె.

మార్కెట్ దగ్గర రిక్షా ఆపించి దిగింది. నేను దవాఖానకు పోనియ్యమని రిక్షా అతనితో అరుస్తున్నాను, ఆమె వంకాయల గుట్ట దగ్గర కూర్చుని ఏరుతోంది. ఒక్కొక్కటే ఎడమచేత్తో ఎత్తి, పుచ్చులు చూసి, సంచిలో వేసుకుంటోంది. సగం ఏరాక ఆ చెయ్యి ఆగిపోయింది. తలొంచుకుని అట్లాగే ఉంది. కూరగాయలామె, "ఏమైందమ్మా, కొంటవా కొనవా?" అని గదమాయించింది. అక్క కొన్నది. ఇద్దరం ఇంటికొచ్చాం. ఆ వంకాయ కూర మా ఇంటికి కూడా పంపింది. నేను ఆ గిన్నెను ఉన్నపళంగా తిప్పి పంపాను.

చలికాలం మొదట్లో మిషన్ మీదనే పడిపోయింది. కుడి చెయ్యి మొద్దులా వాచింది. అప్పుడిక ఆమె ఇష్టంతో పని లేకపోయింది. నేనూ మా ఆయనా కలిసి పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు కట్టు విప్పి చూసి, నా వైపు తిరిగి, "ఇన్నిరోజులు ఏంజేసిన్రమ్మా? మొదట్ల వస్తే తీసేసి పంపేవాళ్ళం గద" అన్నాడు. అక్క గోడ వైపు చూస్తోంది. హైదరాబాదుకు రాసిచ్చారు. రైల్లో తీసుకుపోయాం. వాళ్ళూ చూసి, నొప్పికి మాత్రలిచ్చి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఇంటికొచ్చాక సంఘం ఆడవాళ్ళు వచ్చారు. ప్రార్థన చేశారు. లేస్తూ లేస్తూ ఒక పెద్దావిడ, "ఎక్కడనో అవిశ్వాసం ఉన్నదమ్మా. లేకపోతే దేవుడిచ్చిన స్వస్థత ఎనక్కి పోతదా? ఒకసారి మనసుల ఎతుక్కో" అంది. ఇంకొకామె అత్తరు సంగతి ఎత్తింది, దేవుడు లోకపు సోకులు ఓర్వడని. నాకు ఒళ్ళు తెలియలేదు. చేటో చీపురో ఏది దొరికిందో గుర్తు లేదు, పట్టుకుని అందరినీ వాకిట్లోకి తరిమాను. ఏళ్ళ తరబడి ఒకే బల్ల మీద కూర్చుని పాటలు పాడిన వాళ్ళం. మళ్ళీ వాళ్ళతో నేను సరిగా మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడను.

లోపలికొస్తే అక్క, "వాళ్ళన్నది నిజమేనానే?" అని అడిగింది. "నేను సరిగ నమ్మలేదా?" చిన్నపిల్ల బళ్ళో తప్పు చేసి అడిగినట్టు అడిగింది. నేను ఆమె పక్కన పడుకుని ఏడ్చాను. ప్రార్థన చెయ్యమని ఆమె అడగలేదు, నేను చెయ్యలేదు. ఇద్దరికీ ఆయనతో మాటల్లేవు.

దుకాణం చెల్లె ఎప్పుడొస్తుందా అని ఆమె భయపడుతూ ఉంది. వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు దుప్పటి మెడదాకా లాక్కునేది. "ఆమె వస్తే నాకు ఒళ్ళు కాలుతాంది, జరమని చెప్పు. జరమంటే ఎవలకన్న వస్తది" అని నాకు మళ్ళీ మళ్ళీ పాఠం చెప్పింది.

ఒక సాయంత్రం రానే వచ్చింది. చేతిలో వేడినీళ్ళ గిన్నె, పాత మెత్తని చీర ముక్కలు. నేను పాఠం అప్పజెప్పేలోపలే వచ్చి మంచం మీద కూర్చుని, దుప్పటి తొలగించి, కట్టు విప్పడం మొదలుపెట్టింది. అక్క ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు చెల్లే. ఏం లేదు. జర జరమొచ్చింది."

"ఉండక్కా. మా అత్తకు గిట్లనే అయింది. ఆమె పోయేదాంక నేనే కడిగిన" అంది ఆమె, కట్టు విప్పుతూనే. "నువ్వు అత్తరు పూసుకొని మొదటిసారి మిషన్ కాడ నా పక్కన కూసున్ననాడే తెలిసింది నాకు. ఆ వాసన నాకు తెల్వదా?"

అక్క ఆమె చెయ్యి వదిలేసింది.

"తెలిసీ గుడికొచ్చినవా?" అంది అక్క.

"రాకపోతే నువ్వు బాధపడవా? నువ్వు ఎనకకు తిరిగి నా కోసం చూస్తుంటివి గద. నీకు అంత నమ్మకముండె, దేవుడు తీసేసిండని. నేను నోరు తెరిచి నీకు ఇంక ఉన్నది అక్కా అంటే, నీ నమ్మకం పోతదేమో అని భయమైంది. నువ్వు మార్కెట్‌కు పోతాన అన్ననాడు గూడ నోటిదాంక వచ్చింది. మింగిన."

 ఆ మాట అక్క నోటి నుంచి దానంతటదే జారిపోయింది. ఎవరినీ నిందించాలని కాదు. లెక్క అప్పుడే అర్థమైన మనిషి అన్నట్టు మెల్లగా అంది.

"గా మాట అప్పుడే అంటే, నేను దవాఖానకు పోతుంటి గదనే."

దుకాణం చెల్లె చేతిలోని గుడ్డ నీళ్ళలో పడింది.   ఆమె మంచం కోడు పట్టుకుని నేల మీదికి జారిపోయింది. "నేనే చంపిన్నా? అక్కా, నేనే చంపిన్నా నిన్ను?" అని తల మంచానికేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

అక్క లేవబోయింది. ఆ శరీరంతో లేవబోయింది. "లేదే. ఓ చెల్లే, లేదే. నేను ఊకెనే అన్న. నువ్వు చెప్తే మాత్రం నేను ఇనేదాన్నా? టీచరమ్మ ఎంత చెప్పలే? ఎవలు చెప్పినా ఇనకపోదును" అంటూ రొప్పుతోంది. చెల్లె వినడం లేదు. కొట్టుకుంటూనే ఉంది.

అప్పుడు అక్క నా వైపు తిరిగింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. "చెప్పవే టీచరమ్మా" అంది. "నువ్వు చెప్పు ఆమెకు. ఈమె చెప్తే నేను పోయేదాన్నా?"

పోయేది. ఎగురుకుంటూ పోయేది. ఆమెను దవాఖానకు పోనీయకుండా పట్టుకున్నది ఆ ఒక్క ముడే అని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఆ ముడి విప్పలేకే ఆ వేకువన నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను.

"పోయేది కాదు చెల్లే" అన్నాను. "నాకు తెలుసు గద. దేవుడే దిగొచ్చి చెప్పినా పోయేది కాదు."

అక్క కళ్ళు మూసుకుంది. చేత్తో వెతికి ఆమె తల దొరికించుకుని, దాని మీద చెయ్యి పెట్టుకుని, అట్లాగే పడుకుంది.